వచ్చినవారు – వెళ్ళినవారు

కృష్ణానది విజయవాడ కడ కొండలను దాటి, అచ్చటినుండి సముద్రమువరకు చదునైన నేలమీద ప్రవహించుచున్నది. దాని యెడమగట్టున తోట్లవల్లూరు గలదు. దిగువకు పోయినకొలది కూచిపూడి, మువ్వ, శ్రీకాకుళము, ఘంటసాల మున్నగు గ్రామములు వచ్చును. తూర్పున సముద్రతీరమున మచిలీపట్టణ మున్నది. తుదకు నది పాయలుగా చీలి, దివిసీమను నడుమ నిడుకొని సాగరమున గలియుచున్నది. ఈ సీమలోని ఒండ్రుమట్టి యిచ్చట పుట్టినది కాదు. పడమటి కనుమలలో మహాబలేశ్వరము కడ పుట్టిన నది, దారిపొడవున అనేక దేశముల నేలలను ఒరసికొనుచు, వేల యేండ్లు మోసి తెచ్చి పోసిన మట్టి యిది. అయినను ఆ మట్టిలో పండిన వరిని ఎవ్వరును పరాయి పంట యనరు. మన పంట యనియే చెప్పుకొందురు.

సంస్కృతి విషయమును ఇట్టిదే. ఒక జాతి మాటాడు మాటలు, కట్టు బట్టలు, తిను తిండి, ఆడు ఆట, పాడు పాట అన్నియు ఆ యూరనే పుట్టి ఆ యూరనే పెరిగినవని మనము తలంతుము. పరిశీలించి చూచినచో వానిలో పెక్కింటి వెనుక ఒక ప్రయాణమో, ఒక యుద్ధమో, ఒక కరవో కానవచ్చును. కొందఱు వచ్చిరి, కొందఱు వెళ్ళిరి. వచ్చినవారు ఏదో తెచ్చిరి. వెళ్ళినవారు ఏదో కొనిపోయిరి. ఈ రాకపోకలు ఒక చిన్న సీమ బ్రదుకును ఎట్లు మార్చినవో తెలిసికొనుటకు కృష్ణ దిగువసీమకంటె మంచి యుదాహరణము అరుదు.

మొదట ఘంటసాలను చూతము. నేడది పొలముల నడుమనున్న గ్రామము. అచ్చట నిలిచినవానికి సముద్రము కనబడదు. కాని రెండువేల యేండ్లనాడు అది ఓడలు వచ్చు రేవు. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడైన టాలెమీ పేర్కొనిన ‘కంటకొస్సిల’ ఇదియేయని చరిత్రకారులు చెప్పుదురు. నాగార్జునకొండ శాసనమున దీని పేరు కంటకసేల. ఇచ్చట బౌద్ధస్తూప ముండెను. ఇచ్చటి ప్రాకృత శాసనములలో ‘మహానావికుడు’ అను మాట గలదు. వర్తకులు సంపాదించిన ధనములో కొంత భాగము స్తూపములకు, శిల్పములకు వినియోగమయ్యెను. కాలక్రమమున రోమకులతోడి వర్తకము క్షీణించెను, నది తెచ్చిన మట్టి సముద్రమును దూరముగా నెట్టెను, బౌద్ధము వెనుకబడెను. ఐనను ఆ గ్రామమునందలి శివుని పేరు జలధీశ్వరుడు. సముద్రము తొలగిపోయినను దేవుని పేరులో సముద్రము మిగిలియున్నది.

ఘంటసాల తరువాత పెద్ద రేవుగా ప్రసిద్ధి కెక్కినది మచిలీపట్టణము. దీనిని జనులు బందరు అందురు. ‘బందరు’ అనగా పారసీక భాషలో రేవు. ఈ యొక్క మాటయే ఆ పట్టణ చరిత్రకు తాళపుచెవి వంటిది. గోలకొండను 1518 మొదలు 1687 వరకు పాలించిన కుతుబ్‌షాహీ సుల్తానుల రాజ్యమునకు బందరు ముఖ్యమైన రేవు. ఇచ్చటినుండి ఓడలు పెగూ, ఆచీ, మోకా, పారసీక తీరములకు పోవుచుండెను. పారసీక వర్తకులు, లేఖకులు, ఉద్యోగులు ఇచ్చటికి వచ్చి కాపురముండిరి. అట్లు వచ్చినవారిలో మీర్ జుమ్లా యను బిరుదుతో ప్రసిద్ధుడైన మహమ్మద్ సయీదు ఒకడు. అతడు పారసీక దేశమునందలి అర్దిస్తాను నుండి వచ్చి, వజ్రవర్తకము చేసి, బందరున అధికారియై, తుదకు గోలకొండ మంత్రి యయ్యెను.

వారి వెనుక ఐరోపా వర్తకులు వచ్చిరి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను బందరున వర్తకశాలలు స్థాపించిరి. వారు వెళ్ళి ఎంతో కాలమైనది. వారి పేర్లు మాత్రము ఆ పట్టణపు పేటలలో నిలిచియున్నవి. హాలండువారిని తెలుగువారు వలందాలని పిలిచిరి. వారుండిన చోటు వలందపాలెము. ఫ్రెంచివారు మన నోట పరాసులైరి. వారుండిన చోటు పరాసుపేట. ఇంగ్లీషుపాలెము సంగతి చెప్పనక్కఱలేదు. డచ్చివారి సమాధులు నేటికిని చూడవచ్చును.

ఇంతమంది దూరదేశస్థులు ఈ తీరమునకు ఎందులకు వచ్చిరి? ముఖ్యముగా బట్టలకొఱకు. నూలుబట్టపై చెఱగని రంగు లద్దు విద్య ఈ సీమ పనివారికి తరతరములుగా తెలియును. బట్టను కరక్కాయ కషాయమునందును గేదెపాలయందును తడిపి ఆరవేయుదురు. నల్లరంగుకొఱకు ఇనుపతుక్కును బెల్లపునీటిలో నానవేయుదురు. ఎఱ్ఱరంగు రావలసినచోట పటిక యద్ది, రంగునిచ్చు వేరుతో ఉడికింతురు. పిమ్మట పాఱు నీటిలో పలుమాఱు ఉదికి, ఎండలో ఆరవేయుదురు. ఈ తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు పూర్వము ఎఱ్ఱరంగునకు ప్రసిద్ధి చెందినది. కావున ఈ విద్యకు ఇచ్చటి నేలయు నీరును ఎండయు తోడైనవి.

అయితే ఈ విద్యకు మనము పెట్టుకొన్న పేరేమి? కలంకారీ. ‘కలము’ అనగా వ్రాతపుల్ల, ‘కారీ’ అనగా పని. ఈ కూర్పు పారసీకము. పారసీక వర్తకులు తమ దేశమున చెల్లుబడియగు చిత్రములను కోరిరి. సరూ వృక్షములు, తోరణపు గూళ్ళు, లతలు, పువ్వులు బందరు బట్టలపైకి వచ్చినవి. వారు బూటా యనిన వంపు ఆకృతిని మన పనివారు చూచి మామిడిపిందె యనిరి. ఆకృతి పరదేశమునుండి వచ్చెను; దానిని చూచిన కన్ను తెలుగుకన్ను. ఐరోపావారు మఱియొక తీరు పువ్వులను కోరగా వానిని కూడ మనవారు చెక్క అచ్చులలో మలచిరి. ఇట్లు బందరు చీటిగుడ్డపై ఎన్ని దేశముల యభిరుచులో కలిసినవి. చేయి మాత్రము ఇచ్చటి పనివానిదే.

ఆ బట్టల కీర్తియే వానికి శత్రువైనది. వాని ధాటికి తమ నేతగాండ్రు నిలువలేరని భయపడి ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో ఒక శాసనమును, 1721లో ఇంకను కఠినమైన శాసనమును చేసెను. ఎక్కడనో దూరదేశపు సభలో చేయబడిన శాసనము, కృష్ణాతీరమున బట్ట ఉదుకువాని గంజినీటిని నిర్ణయింపగలిగినది. పిమ్మట యంత్రముల బట్టలు వచ్చినవి. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు ఎఱ్ఱరంగును ప్రయోగశాలలో తయారుచేయగా చిరివేరునకు గిరాకి పోయినది. వేరు త్రవ్వువారు, రంగు కాచువారు, అచ్చు చెక్కువారు క్రమముగా ఇతర పనులు వెదకికొనిరి. స్వాతంత్ర్యానంతరము కమలాదేవి చట్టోపాధ్యాయ మున్నగువారి కృషివలన ఈ కళ మరల కోలుకొన్నది. నేడు బందరునకు చేరువనున్న పెడన దీనికి ముఖ్యస్థానము.

యుద్ధములును ఈ సీమను తాకినవి. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను. తరువాత బందరుకోట 1750 మొదలు ఫ్రెంచివారి చేతిలోనుండెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున గెలిచిన ఆంగ్లసేన, కర్నలు ఫోర్డు నాయకత్వమున వచ్చి, 1759 ఏప్రిలులో రాత్రివేళ కోటపై బడి పట్టుకొనెను. రెండు పరదేశపు కంపెనీల కలహము మన యూరి మధ్య తీఱినది. దాని ఫలితముగా తీరాంధ్రమున ఫ్రెంచివారి బలము అణగిపోయి, ఆంగ్లేయుల యధికారమునకు పునాది పడినది.

యుద్ధము ముగిసినను దాని జాడ భాషలో నుండును. తోట్లవల్లూరు బొమ్మదేవరవారి జమీందారీకి ముఖ్యస్థానము. అట్టి జమీందారీ గ్రామపు లెక్కలను ఒక్కసారి తలచుకొనుడు. ‘జమీందారు’ పారసీకపు మాట. లెక్కలు వ్రాయు ‘కరణము’ సంస్కృతమునుండి వచ్చినది. ‘మునసబు’, ‘వసూలు’ అరబ్బీనుండి పారసీకము ద్వారా వచ్చినవి. పైనుండు ‘కలెక్టరు’ ఆంగ్లము. జమీందారీలు 1948 నాటి శాసనముచే రద్దయినవి. కరణము, మునసబు ఉద్యోగములు 1984లో తీసివేయబడినవి. మాటలు మాత్రము పోలేదు. అంతయేల? నేలను దున్ని మనకు అన్నము పెట్టువానిని మనము పిలుచు ‘రైతు’ అను మాట అరబ్బీ మూలముగలది! మన పచ్చడికి ప్రాణమైన మిరపకాయ అమెరికా ఖండమున పుట్టి పోర్చుగీసువారి ఓడలమీద వచ్చినది. బందరు లడ్డును బుందేలుఖండమునుండి వచ్చి స్థిరపడిన బొందిలీలు తెచ్చిరని ఆ పట్టణమున చెప్పుకొందురు. వీనిని పరాయివని ఏరి పారవేసినచో మనకు మాటయు చాలదు, రుచియు చాలదు.

ఇంతవరకు వచ్చినవారిని గూర్చి చెప్పుకొంటిమి. ఇక వెళ్ళినవారి కథ.

కూచిపూడి భాగవతులు ఊరూర తిరిగి ప్రదర్శనము లిచ్చువారు. మాచుపల్లి కైఫియతున వారి కథ యొకటి గలదు. సిద్ధవటపు సీమను సమ్మెట గురవరాజు ఏలుచుండెను. అతడు సొమ్ము రాబట్టుటకు స్త్రీలను సహితము క్రూరముగా హింసించుచుండెను. ఆ దారిని పోవుచున్న భాగవతులు ఆ ఘోరమును కన్నులార చూచిరి. వారు విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల కొలువున ప్రదర్శన మిచ్చుచు, ఆ హింసనే వేషములు కట్టి యాడిచూపిరి. రాయలు విషయము గ్రహించి సేనను పంపి గురవరాజును శిక్షించెను. చేత కత్తి లేనివారు, పదవి లేనివారు, తమకు వచ్చిన ఆటతోనే ప్రజల మొఱను ప్రభువు చెవిని వేసిరి. కళ వినోదము మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

1565లో రక్కసి–తంగడి యుద్ధమున విజయనగరము ఓడిపోయెను. కళలకు ఆశ్రయమైన కొలువు చెదరగా పండితులు, గాయకులు, భాగవతులు పలువురు దక్షిణమునకు తరలి తంజావూరు నాయకరాజుల యాశ్రయమును పొందిరి. అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లను, భూములను ఇచ్చి ఒక యగ్రహారము నేర్పఱచెననియు, అదియే మేలట్టూరనియు ప్రసిద్ధి. తమిళదేశపు నడిగడ్డనున్న ఆ గ్రామమున ప్రతి సంవత్సరము నృసింహ జయంతికి భాగవతమేళ మను పేర నాటకము లాడుదురు. చుట్టునున్న జనుల భాష తమిళము. ఆ నాటకముల భాష తెలుగు! ఆడువారు పురుషులే, స్త్రీవేషములును వారే కట్టుదురు. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రము నేటికిని అచ్చట ఆడబడుచున్నది. ఇల్లు మారినను, వీధిలోని భాష మారినను, వారు ఆటలోని భాషను మార్చలేదు.

మువ్వ గ్రామమునకు చెందినవాడని ప్రసిద్ధుడైన క్షేత్రయ్యయు ఇట్టివాడే. పదునేడవ శతాబ్దమునకు చెందిన ఆ పదకర్త తన గ్రామదేవుడైన మువ్వగోపాలుని పేర పదములు కట్టి, తంజావూరున విజయరాఘవనాయకుని కొలువునందును, మఱికొన్ని రాజాస్థానములందును మన్నన లందెను. ఆ పదములను తమిళదేశపు గాయకురాండ్రు, నర్తకీమణులు తరతరములు కంఠస్థము చేసి కాపాడిరి. పుట్టిన యూరు మఱచినదానిని పరాయి యూరు దాచియుంచుట చరిత్రలో అరుదు కాదు.

ఇటువంటి ప్రయాణము ఆధునిక కాలమునను జరిగినది. కూచిపూడి గ్రామమున జన్మించిన వెంపటి చినసత్యము మద్రాసునకు పోయి, 1963లో కూచిపూడి ఆర్టు అకాడమీని స్థాపించెను. పూర్వము పురుషులు మాత్రమే అభ్యసించిన ఈ నాట్యమును స్త్రీలు పెద్దసంఖ్యలో నేర్చుకొనిరి. నేడు సముద్రములకు ఆవల నివసించు తెలుగువారి పిల్లలును దానిని అభ్యసించుచున్నారు. ఊరు విడిచినందున కళ మారినది, మారినందున బ్రదికినది.

వలసలన్నియు ఇట్టి సత్ఫలితముల నిచ్చినవనుకొనరాదు. పదునేడవ శతాబ్దమున కరవులు వచ్చినపుడు ఈ తూర్పుతీరమున ఆకలిగొన్న జనులను డచ్చివారు బానిసలుగా కొని, బటేవియా మున్నగు దూరస్థలములకు ఓడల నెక్కించిరి. వారికి అగ్రహారములు లేవు. వారి పేర పేటలు వెలయలేదు. కళను మోసికొనిపోవుటకు మనిషికి కొంత స్వేచ్ఛ, కొంత నీడ, తనవారి తోడు కావలయును. ఆ మూటిని పోగొట్టుకొన్నవాడు తన పాటను సైతము పోగొట్టుకొనును.

1832–33లో డొక్కల కరవు వచ్చెను. గుంటూరు మండలమున జనాభా అయిదు లక్షలు కాగా, అందు లక్షన్నరకు తక్కువ గాకుండ మరణించిరని అంచనా. కృష్ణకు ఈవలి గట్టునను కష్టము తక్కువ కాదు. ప్రక్కనే మహానది పాఱుచుండగా పొలములు బీటలువాఱినవి. పలువురు తిండి వెదకికొనుచు ఇండ్లు విడిచి మద్రాసు దారి పట్టిరి. ఆ భయంకరానుభవము నుండియే నదికి అడ్డుకట్ట కావలెనను తలంపు బలపడినది. 1852లో విజయవాడ కడ ఆనకట్ట నిర్మాణ మారంభమై, 1855లో పూర్తియయ్యెను. కాలువలు తోట్లవల్లూరు మొదలు దివిసీమవరకు నీటిని పంచినవి. మెట్టపంటల నేల మాగాణియయ్యెను. అంతకుముందు జనులను వెడలగొట్టిన సీమయే, ఇరుగుపొరుగు మండలములనుండి కూలీలను పిలుచు సీమగా మారినది.

మాగాణి నేర్పిన విద్య మరల క్రొత్త వలసకు కారణమయ్యెను. 1931లో నిజాంసాగరము పూర్తికాగా నిజామాబాదు మండలమునకును, 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తికాగా కర్ణాటకమునందలి సింధనూరు, గంగావతి సీమలకును తీరాంధ్ర రైతులు తరలిరి. వారు నెలకొల్పుకొన్న పల్లెలకు నేటికిని ‘క్యాంపు’లని పేరు. అచ్చటివారికి వీరు కాలువక్రింది వరిసేద్యమును చూపిరి. వీరు అచ్చటి జొన్నరొట్టెను, కన్నడపు మాటను నేర్చిరి. ఒకప్పుడు వచ్చినవారిని వింతగా చూచిన సీమవారు, ఇప్పుడు తామే వింతవారై ఇతరుల గుమ్మము ముందు నిలిచిరి.

ప్రకృతియు మనుష్యుల స్థానములను మార్చును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచివేసి, సుమారు 30,000 మందిని బలిగొన్నది. ఆ దెబ్బకు రేవు పూర్వ వైభవమును కోల్పోయినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో మరణించినవారు పదివేలకు తక్కువ గారు. అప్పుడు దేశపు నలుమూలలనుండి సేవకులు వచ్చి, శవములను తొలగించి, ఇండ్లు కట్టి, బ్రదికినవారిని నిలువబెట్టిరి. ఊరివాడు, పరాయివాడు అను మాట ఆ నీటిలో కొట్టుకొనిపోయినది.

విద్యార్థులారా! ఈ కథలను కలిపి చూచినచో మూడు విషయములు తేటపడును. మొదటిది, ఏ సంస్కృతియు ఒంటరిగా పెరుగదు. కలంకారీ పేరు పారసీకము, గిరాకి ప్రపంచమంతటిది, చేయి మనది. ఇందు ఏ యొక్కటి లేకున్నను ఆ బట్ట లేదు. రెండవది, యుద్ధము తనంతట దేనిని సృష్టింపదు. అది కొలువులను చెదరగొట్టును. చెదరినవారిని ఎవరో ఆదరించినపుడే మంచి పుట్టును. తంగడి యుద్ధము మేలట్టూరును నిర్మింపలేదు; వచ్చినవారికి నీడ నిచ్చిన చేతులు నిర్మించినవి. మూడవది, కళ గాలిలో ఎగిరి రాదు. దానిని మనుష్యులు మోసికొనివత్తురు. మోయువాని పొట్ట మాడినచో కళయు మాడును. ఒకనాడు రంగు కాచు పనివానికి కూలి గిట్టక ఆ పని మానగా, వానితో ఎన్నో తరముల తెలివి మట్టిలో కలిసినది. పుస్తకములందు దాచినది తెఱచి చదువవచ్చును. చేతివ్రేళ్ళలో దాగియున్నదానిని ఆ చేయి పోయిన పిమ్మట చదువలేము.

ఇది గతించినవారి సంగతి మాత్రమే కాదు. మీ తరగతిలో మఱియొక మండలమునుండియో, మఱియొక రాష్ట్రమునుండియో వచ్చిన బాలు డుండవచ్చును. వాని మాటతీరు మీకు వింతగా తోచవచ్చును. వానిని నవ్వుటకు ముందు ఒక్కసారి ఆలోచింపుడు. మీ తాతముత్తాతలలో ఎవరో యొకరు ఎప్పుడో ఒక క్రొత్త యూరి పొలిమేరలో మూటతో నిలిచియేయుందురు. ఆ దినమున వారికి ఎవరో మంచినీరిచ్చి, చోటు చూపిరి. అందువలననే నేడు మీకు ఇది మా యూరు అని చెప్పుకొను భాగ్యము కలిగినది.